తల విదిలించే గుర్రానికి ఏ పరీక్ష ముందు, ఏది తరువాత

గుర్రం పనిలో ఉండగా ఉన్నట్టుండి తలను పైకీ కిందికీ విదిలించడం, తుమ్మినట్టు బుసకొట్టడం, పరుగు మధ్యలోనే మూతిని ముందుకాలికి రుద్దుకోవడం మొదలుపెడితే, యజమానికి చుట్టూ ఉన్నవాళ్లు తలొక దారీ చూపిస్తారు. ఒకరు రక్తంతో అలర్జీ పరీక్ష చేయించమంటారు, ఒకరు దాణా మార్చమంటారు, ఇంకొకరు పళ్లు చూపించమంటారు, మరొకరు కళ్లెం మారిస్తే సర్దుకుంటుందంటారు. వీటిలో పూర్తిగా పనికిరాని సలహా ఒక్కటీ లేదు. అయితే ఏది ముందు చేస్తాం, ఏది తరువాత చేస్తాం అన్నదాన్ని బట్టే మన ఖర్చూ, గుర్రం ఇంకెన్నాళ్లు బాధపడాలన్నదీ తేలుతాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఖర్చు లేని పరిశీలనలు, చేసి చూసి మానుకోగల ప్రయోగాలు మొదట రావాలి. ఆ తరువాత నోరు, చెవి, కన్ను, ముక్కు లోపలి భాగాల పరీక్ష. అప్పటికీ కారణం దొరకకపోతే నాడికి మత్తు ఇచ్చి చూడటం, వీలున్నచోట సీటీ స్కాన్. అలర్జీ పరీక్షలు వీటన్నిటి తరువాతే రావాలి, అదీ చర్మం మీదనో శ్వాసలోనో అలర్జీ లక్షణాలు విడిగా కనిపించే గుర్రానికే. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, రక్తపరీక్షతో మొదలుపెట్టి, ఇరవై ముప్ఫై పదార్థాల పక్కన గుర్తులున్న కాగితం చేతికి వచ్చాక ఏం చేయాలో తోచక ఆగిపోతున్నారు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

తల విదిలింపు వెనుక ఏముంటుంది

బ్రిటన్‌లో 1987లో వెలువడిన ఒక పరిశీలనలో తల విదిలించే 100 గుర్రాలను పశువైద్యులు క్షుణ్ణంగా పరీక్షించారు. విదిలింపుకు కారణం కాగల శారీరక లోపం 11 గుర్రాల్లో మాత్రమే కనిపించింది. ఆ లోపాన్ని సరిచేసినందువల్ల విదిలింపు పూర్తిగా ఆగిపోయింది రెండు గుర్రాల్లోనే. సీటీ వంటి సాధనాలు వచ్చాక కారణాలు మరికొంత మెరుగ్గా దొరుకుతున్నా, ఎంత వెతికినా లోపం కనబడని గుర్రాలే ఎక్కువ అన్న సంగతి మారలేదు.

అలాంటి గుర్రాల్లో ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి అతిగా స్పందిస్తోందని ఇప్పుడు వైద్యులు భావిస్తున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో 2013 ప్రాంతంలో జరిగిన పరీక్షల్లో, ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో ఈ నాడిని స్పందింపజేయడానికి 10 మిల్లీయాంపియర్లు, అంతకు మించి విద్యుత్తు అవసరమైతే, విదిలించే గుర్రాల్లో 5 మిల్లీయాంపియర్ల లోపే సరిపోయింది. అంటే గాలి, వెలుతురు, వాన చినుకు, పరుగుతో ముక్కులోకి దూసుకుపోయే శ్వాస వంటి మామూలు విషయాలే ఆ నాడికి షాక్ కొట్టినట్టు, మంట పుట్టినట్టు తోస్తాయన్నమాట. నాడిని సూక్ష్మదర్శినిలో చూసినా దెబ్బతిన్న జాడ కనబడదు. లోపం నాడి నిర్మాణంలో లేదు, అది పనిచేసే తీరులో ఉంది. అందుకే ఎక్స్‌రేలోనూ స్కాన్‌లోనూ ఏమీ తేలని గుర్రాన్ని చూసి ‘ఇది మొండితనం’ అని తేల్చడం అన్యాయం.

ఇది అరుదైన సమస్య కూడా కాదు. 2018లో వెలువడిన బ్రిటన్ సర్వేలో, అంతకు ముందు ఏడాది కాలంలో తమ గుర్రం తల విదిలించిందని చెప్పిన యజమానులు 4.6 శాతం ఉన్నారు. సాధారణంగా ఇది ఎదిగిన గుర్రాల్లో, ఐదు నుంచి తొమ్మిదేళ్ల వయసులో మొదలవుతుంది. విత్తులు తీసిన మగ గుర్రాల్లో ఎక్కువగా కనబడుతుంది. శీతల దేశాల్లో చాలా గుర్రాలకు వసంతంలో మొదలై శీతాకాలంలో తగ్గుతుంది కాబట్టి, చూసేవారికి మొదట పుప్పొడి మీదికే అనుమానం పోతుంది. కానీ పగటి పొద్దు పెరగడం, ఎండ తీవ్రత, ఈగలు, బయట పని ఎక్కువ కావడం కూడా అదే ఋతువులో వస్తాయి. ఋతువుతో పాటు వచ్చే ప్రతిదీ అలర్జీ కాదు. పైగా ఆ ఋతుక్రమం ఆ దేశాలది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఏడాదంతా వెలుతురు మెండుగా ఉండే చోట పెరిగే గుర్రానికి దాన్ని ఉన్నదున్నట్టు అన్వయించకూడదు.

మొదటి ఎంపిక: చూడటం, రాయడం, వీడియో తీయడం

నాడి బాధతో విదిలించే గుర్రాన్ని దగ్గరగా చూస్తే కొన్ని గుర్తులు పట్టుబడతాయి. విదిలింపు ఎక్కువగా నిలువుగా, ఒక్కసారిగా, కందిరీగ ముక్కులో దూరిందా అన్నట్టు వస్తుంది. పై పెదవి వణుకుతుంది, ముక్కుపుటాలు బిగుసుకుంటాయి, గుర్రం వరుసగా బుసకొడుతుంది. ట్రాట్‌లో (దుడుకు నడకలో) ఉండగానే మెడ వంచి మూతిని మోకాలికి రాసుకుంటుంది, ఒక్కోసారి ముందుకాలితో మూతిని కొట్టుకోబోయి తూలుతుంది. నిలబడి ఉన్నప్పుడు ప్రశాంతంగా ఉండి, వ్యాయామం మొదలైన కొద్ది నిమిషాలకే ఇదంతా తలెత్తడం చాలా గుర్రాల్లో కనబడే వరుస.

దీనికి భిన్నంగా, తలను ఎప్పుడూ ఒకే పక్కకు వంచి విదిలించే గుర్రానికి చెవి, పన్ను, సైనస్ వంటి ఒక వైపు సమస్య ఉండే అవకాశం ఎక్కువ. కళ్లెం పగ్గం బిగించినప్పుడు మాత్రమే తల ఎగరేసే గుర్రానికి నోరు, బిట్టు (కళ్లెంలో నోటి లోపల ఉండే ముక్క), జీను, వెన్ను, రౌతు చేయి చూడాలి. తల విదిలింపుతో పాటు జూలు కింద, తోక మొదట్లో వెంట్రుకలు రాలేలా రుద్దుకుంటుంటేనో, ఒంటిమీద దద్దుర్లు లేస్తుంటేనో, లాయంలో దగ్గుతూ పొట్ట ఎగరేసి ఊపిరి తీస్తుంటేనో అప్పుడు అలర్జీని గట్టిగా అనుమానించవచ్చు. ఇవేవీ లేకుండా కేవలం తల విదిలింపే ఉంటే అలర్జీ కారణమయ్యే అవకాశం తక్కువ. మనిషికి పుప్పొడి వల్ల వచ్చే హే ఫీవర్ లాంటి ముక్కు అలర్జీ గుర్రాల్లో ఉన్నట్టు చూపే ఆధారాలు బలహీనం. యాంటీహిస్టమిన్లు, స్టెరాయిడ్లు ఇచ్చినా చాలా విదిలింపు గుర్రాలు మారకపోవడం కూడా అదే చెబుతుంది.

కాబట్టి మొదటి పక్షం రోజులు ఫోన్‌లో వీడియో తీయండి. రౌతు లేకుండా, బిట్టు లేకుండా, మెత్తని హాల్టర్‌తో (బిట్టు లేని తలపట్టీతో) లాంజ్ తాడు అనే పొడవాటి తాడు మీద గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతూ తీసిన వీడియో అన్నిటికంటే విలువైనది. కళ్లెం, జీను, రౌతు అన్న మూడు అనుమానాలను అది ఒక్కసారే పక్కన పెట్టగలదు. అదే గుర్రాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలోనూ, చెట్ల నీడలోనూ, పొద్దు గుంకాకానూ తిప్పి చూడాలి. ఆ రోజు గాలి ఎలా ఉంది, వాన పడిందా, ఏ మేత వేశారు, పక్క పొలంలో ఏం కోస్తున్నారు, లాయంలో గడ్డి దులిపారా అన్నవి ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఈ పని సాయిసు చేస్తే మరీ మంచిది, ఎందుకంటే గుర్రంతో రోజంతా ఉండేది ఆయనే. యజమాని వచ్చే గంటలో కనబడని సంగతులు ఆయన కంట్లో పడతాయి.

ముక్కు వల, కంటి ముసుగు, చెవి దూది

ఈ మూడూ చవక, మూడూ ఎప్పుడైనా తీసేయగలిగినవి. అయితే వాటి జవాబులు ఒకే స్థాయివి కావు.

ముక్కు వల అంటే కళ్లేనికో మూతిపట్టీకో కట్టి ముక్కుపుటాల మీదుగా పై పెదవిని తాకేలా వేలాడదీసే మెత్తని జాలీ. అది పుప్పొడిని వడకడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ జాలీ కన్నాలు పుప్పొడి రేణువులను ఆపగలిగేంత సన్ననివి కావు. మూతిని నిరంతరం తాకుతూ ఉండటం వల్ల నాడి అందుకునే సంకేతం మారుతుందన్నదే ఎక్కువ సమంజసంగా తోచే వివరణ. అందువల్ల వల కట్టగానే విదిలింపు తగ్గితే ‘పుప్పొడి అలర్జీ రుజువైంది’ అనుకోకూడదు. అది నాడి వైపు చూపే ఆధారమే. అన్ని గుర్రాలకూ ఇది పనిచేయదు, పనిచేసినవాటికి బాగా పనిచేస్తుంది. కట్టేటప్పుడు వల పై పెదవిని తేలికగా తాకుతూ ఉండాలి, ముక్కుపుటాలు విచ్చుకోవడానికి చోటుండాలి. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదన్నది ఇక్కడ మరవకూడదు.

కంటి ముసుగుకు రెండు పనులున్నాయి. వెలుతురు తగ్గించే ముదురు రంగు ముసుగుతో తగ్గితే కాంతి ప్రేరకమని తెలుస్తుంది; మామూలు ఈగల ముసుగుతోనే తగ్గితే ఈగలే కారణం కావచ్చు. అందుకే ముదురు ముసుగును ఈగలు తక్కువగా ఉండే వేళ, ఈగల ముసుగును ఎండ తక్కువగా ఉండే వేళ వేసి చూడటం మంచిది. రెండూ ఒకేసారి వేస్తే జవాబు కలగాపులగం అవుతుంది. చెవులలో దూది పెట్టి చూడటం శబ్దానికి బెదిరే గుర్రం విషయంలో అక్కరకొస్తుంది, మిగతావాటికి పెద్ద ప్రయోజనం లేదు.

ఏది వేసినా ఒక నియమం పాటించాలి: కొన్ని రోజులు వేసి, కొన్ని రోజులు తీసి, మళ్లీ వేసి చూడాలి. 2013లో 32 గుర్రాల మీద ఒక దాణా మందును, అలాగే కనబడే ఉత్తి దాణాను మార్చి మార్చి ఇచ్చి పోల్చినప్పుడు, ఏది ఇస్తున్నారో తెలియని యజమానులు రెండింటితోనూ మెరుగుదల కనిపించిందన్నారు. ప్రేమతో చూసే కన్ను మెరుగుదలను ముందే ఊహించుకుంటుంది. అందుకే వీడియోలను గుర్రంతో సంబంధం లేని మనిషికి తేదీలు చెప్పకుండా చూపించి, ఒక నిమిషంలో ఎన్ని విదిలింపులో లెక్కపెట్టించడం చాలా మేలు.

శారీరక పరీక్షల్లో ఏవి వదలకూడదు

వీటిలో నోటి పరీక్షకు నేను మొదటి చోటు ఇస్తాను. గుర్రం పై దవడ వెనుక దవడపళ్ల వేళ్లు సైనస్ గదుల్లోకి చొచ్చుకుని ఉంటాయి, ముఖానికి వెళ్లే నాడి గొట్టం కూడా ఆ గదుల మీదుగానే సాగుతుంది. కాబట్టి ఒక పన్ను వేరు చీము పడితే దాని ప్రభావం మూతిదాకా వస్తుంది. ఒకే ముక్కుపుటం నుంచి దుర్వాసనతో చీము కారుతుంటే పన్ను, సైనస్ వదిలి వేరేచోట వెతకడం కాలహరణం. నోరు తెరిచి ఉంచే గాగ్ బిగించి, మత్తు ఇచ్చి, అద్దంతోనో చిన్న కెమెరాతోనో ప్రతి పన్నూ చూడాలి. పెదవి ఎత్తి ముందు పళ్లు చూసి ‘బాగున్నాయి’ అనడం పరీక్ష కిందికి రాదు.

చెవిలో పిడుదులు, పురుగులు, పుండు, కంటిలో వాపు, గట్టురల్ పౌచ్ అనే గాలి సంచుల్లో బూజు, చెవి దగ్గర నాలుక ఎముక కీలు గట్టిపడటం — వీటిని పశువైద్యుడు ఎండోస్కోపు, కంటి పరీక్షలతో చూస్తారు. ఎక్స్‌రేలో తల ఎముకలు ఒకదానిమీద ఒకటి పడి కనబడతాయి గనుక చిన్న లోపాలు దాగిపోతాయి. సీటీ వాటిని పొరలుపొరలుగా విడదీసి చూపిస్తుంది. రెండూ అందుబాటులో ఉంటే సీటీయే మేలు. గుర్రం తల పట్టే సీటీ యంత్రం మన నగరాలన్నిటా దొరకదు కాబట్టి, పన్ను మీద స్పష్టమైన అనుమానం ఉన్నవారికి మంచి ఎక్స్‌రేతో మొదలుపెట్టడం తప్పు కాదు. దూరప్రయాణం చేయించి సీటీ తీయించాలా అన్నది మాత్రం ఒక ప్రశ్న మీద ఆధారపడాలి: లోపం దొరికితే దానికి ఆపరేషన్ చేయించగలమా? చేయించలేనప్పుడు గుర్రాన్ని లారీలో వందల కిలోమీటర్లు తిప్పడం వల్ల ఒరిగేది తక్కువ.

మన దేశంలో ముక్కు నుంచి చీము కారే గుర్రాన్ని చూసినప్పుడు ఒక జాగ్రత్త మిగతా అన్నిటికంటే ముందు రావాలి. గ్లాండర్స్ వ్యాధి భారతదేశంలో ఇప్పటికీ తలెత్తుతోంది, మనుషులకూ సోకుతుంది, 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల్లో ఒకటి. ముక్కులో పుండ్లు, జిగట చీము, చర్మం మీద గడ్డలు, జ్వరం ఉన్న గుర్రాన్ని వేరుచేసి, చేతి తొడుగులు లేకుండా ముట్టకుండా, పశుసంవర్ధక శాఖకు కబురు పంపాలి. రక్తనమూనా నిర్ధారణ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ద్వారా జరుగుతుంది. తల విదిలింపు గురించిన ఆలోచన ఆ తరువాతే.

నాడికి మత్తు ఇచ్చి చూడటం

బయటి లోపం ఏదీ దొరకనప్పుడు ఈ పరీక్ష వస్తుంది. ముందు గుర్రాన్ని లాంజ్ మీద తిప్పి వీడియో తీస్తారు. తరువాత రెండు వైపులా నాడి పక్కన కొన్ని మిల్లీలీటర్ల మత్తుమందు ఎక్కించి, మూతి తిమ్మిరెక్కిందని నిర్ధారించుకుని, మళ్లీ అదే వలయంలో, అదే వెలుతురులో తిప్పుతారు. విదిలింపు బాగా తగ్గితే నొప్పి ముఖనాడి దారిలోనే పుడుతోందని తేలుతుంది.

ఇందులో రెండు పద్ధతులున్నాయి, వాటి మధ్య ఎంపిక ముఖ్యం. చెంప మీద చేతికి తగిలే రంధ్రం దగ్గర ఇచ్చే మత్తు సులువు, కానీ అది నాడి చివరి భాగాన్ని మాత్రమే మొద్దుబారుస్తుంది. దానితో విదిలింపు తగ్గకపోయినా ఏమీ తేలదు. కంటి వెనుక లోతున, నాడి మొదలుకు దగ్గరగా ఇచ్చే మత్తు ముక్కు లోపలి శాఖలను కూడా కలుపుకుంటుంది కాబట్టి జవాబు ఎక్కువ నమ్మదగినది. అయితే అది అలవాటున్న చేతులతోనే జరగాలి. కంటి వెనుక రక్తనాళాలకు సూది తగిలితే వాపు వస్తుంది. అనుభవం లేని చోట లోతు మత్తు చేయించేకంటే ఆ పరీక్ష మానుకుని, ముక్కు వల ప్రయోగంతో సర్దుకోవడమే నయం.

ఈ పరీక్ష చెప్పేది ఎక్కడ అన్న సంగతే, ఎందుకన్నది చెప్పదు. మత్తుతో తగ్గిన గుర్రానికి పన్ను వేరులో చీమూ ఉండవచ్చు, నాడి అతిస్పందనా ఉండవచ్చు. అందువల్లనే దీన్ని నోటి పరీక్షకు ముందు చేయించకూడదు.

అలర్జీ పరీక్షలు: చర్మం, రక్తం, ఊపిరితిత్తులు

దగ్గు, ఆయాసం ఉన్న గుర్రానికి అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి తీసే నమూనా. కొంచెం మత్తులో ముక్కు గుండా సన్నని గొట్టం పంపి, 250 నుంచి 500 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించి వెనక్కి లాగి, అందులోని కణాలను లెక్కపెడతారు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు 10 శాతం దాటితే స్వల్ప ఉబ్బసం, 25 శాతం దాటితే తీవ్ర ఉబ్బసం వైపు చూస్తారు. ఇది ఏ ధూళి వల్ల వచ్చిందో చెప్పదు, కానీ జబ్బు ఉందో లేదో, ఎంత ఉందో చెబుతుంది. చికిత్సకు తొలుత కావలసింది అదే.

చర్మం లోపలి సూది పరీక్షలో మెడ మీద ఒక చదరపు చోటు గొరిగి, పుప్పొళ్లు, బూజులు, పురుగులు వంటివాటి సారాలను వరుసగా చిన్న చుక్కలుగా ఎక్కిస్తారు. పక్కనే ఒకచోట ఉత్తి సెలైన్, మరోచోట తప్పక పొక్కు లేపే హిస్టమిన్ ఎక్కిస్తారు. ప్రతి పొక్కునూ ఈ రెండింటితో పోల్చి చదువుతారు. పావుగంట నుంచి అరగంటలో ఒకసారి, నాలుగు నుంచి ఆరు గంటల్లో ఇంకోసారి, మరునాడు మరోసారి చూడాలి, ఎందుకంటే గుర్రాల్లో ఆలస్యంగా లేచే పొక్కులు ఉంటాయి. హిస్టమిన్ చుక్క దగ్గర కూడా పొక్కు లేవలేదంటే ఏదో మందు ఇంకా ఒంట్లో ఉందని అర్థం, ఆ రోజు ఫలితం మొత్తం చెల్లదు. యాంటీహిస్టమిన్లు ఆపి కనీసం వారం నుంచి రెండు వారాలు, స్టెరాయిడ్లయితే రకాన్ని బట్టి ఇంకా ఎక్కువ కాలం గడవాలి.

రక్తపరీక్ష దీనికంటే సులువు, ఒక్క నమూనాతో సరి, మందుల ప్రభావమూ తక్కువ. దాని బలహీనత నమ్మకంలో ఉంది. ఏ లక్షణమూ లేని ఆరోగ్యమైన గుర్రాల రక్తంలోనూ పుప్పొళ్లకు, ధూళిపురుగులకు ప్రతిరక్షకాలు కనబడతాయి. అదే గుర్రానికి చర్మ పరీక్ష, రక్తపరీక్ష తరచు వేర్వేరు జవాబులిస్తాయి. పైగా విదేశీ ప్రయోగశాలల జాబితా అక్కడి మొక్కల ప్రకారం తయారైనది. తెలంగాణ, ఆంధ్ర పొలాల గట్ల మీద విరగబూసే వయ్యారిభామ పుప్పొడి మనుషులకు అలర్జీ తెప్పిస్తుందని మనందరికీ తెలుసు, కానీ అది ఆ జాబితాలో ఉండకపోవచ్చు. నమూనా పంపేముందు జాబితా తెప్పించుకుని చదవండి. ఆహారపదార్థాలకు చేసే రక్తపరీక్షను మాత్రం నేను ఎవరికీ సూచించను. దాని ఫలితం చూసి ఉలవలూ బార్లీ ఆపేసి గుర్రాన్ని చిక్కిపోనివ్వడం వల్ల నష్టమే ఎక్కువ. ఆహారం మీద నిజంగా అనుమానముంటే నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఒకే రకం గడ్డి మీద ఉంచి, ఆ తరువాత వారానికి ఒక్కొక్క దినుసు తిరిగి చేర్చి చూడటమే నమ్మదగిన పద్ధతి.

మరి చర్మ, రక్త పరీక్షలు ఎందుకు? ఏ పదార్థాలకు గుర్రాన్ని క్రమంగా అలవాటు చేసే ఇంజెక్షన్లు తయారుచేయాలో ఎంచుకోవడానికి. దద్దుర్లు మళ్లీ మళ్లీ వచ్చే గుర్రానికో, చర్మం దురదతో పుండ్లు పడే గుర్రానికో ఆ చికిత్స చేయించే ఉద్దేశం ఉంటే పరీక్షకు అర్థం ఉంది, అప్పుడు నేను చర్మ పరీక్షనే ఎంచుకుంటాను. ఫలితం తెలియడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందన్న ఓపిక కూడా ఉండాలి. ఆ ఉద్దేశం లేనివారికి అలర్జీ పరీక్ష వల్ల చేసే పని ఏదీ మారదు.

పరీక్ష లేకుండానే చేయగల మార్పులు

గడ్డి మోపును పొద్దుటి ఎండలో విప్పి ఒకసారి దులిపి, ఆ కిరణాల్లో లేచే ధూళిని చూస్తే చాలు, సగం ఉబ్బసాలకు మూలం అర్థమవుతుంది. వానకు తడిసి ఆరిన వరిగడ్డిలో బూజు ఎక్కువ. దాన్ని పరుపుగా వేసి అక్కడే గుర్రాన్ని కట్టడం శ్వాస జబ్బున్న గుర్రానికి విషం. మేతను అరగంట నానబెట్టడం, ఆవిరి పట్టడం, బయట మేపడం అన్న మూడింటిలో బయట ఉంచడమే అన్నిటికంటే గట్టిది. అది కుదరనప్పుడు, మన ఎండల్లో నానబెట్టిన గడ్డి కొద్ది గంటల్లోనే పులుస్తుంది కాబట్టి, ఒక పూటకు సరిపోయినంతే నానబెట్టి మిగిలింది పారేయాలి. ఆవిరి పట్టడం బూజును కూడా చంపుతుంది, ఖర్చు ఎక్కువ. గదులు ఊడ్చేటప్పుడూ గడ్డి దులిపేటప్పుడూ గుర్రాన్ని బయటికి తీసుకెళ్లడానికి ఖర్చేమీ లేదు.

దురద గుర్రాలకు ప్రధాన శత్రువు క్యూలికాయిడ్స్ అనే అతిచిన్న కుట్టే పురుగు. గొర్రెలకు నీలినాలుక వ్యాధి తెచ్చేది కూడా ఈ జాతే కాబట్టి మన రైతులకు కొత్తది కాదు. తడిమన్ను, పేడ ఉన్నచోట పెరుగుతుంది, తెల్లవారుజామునా మునిమాపునా ముసురుతుంది, బలంగా ఎగరలేదు. ఆ వేళల్లో గుర్రాన్ని లోపల కట్టి పెద్ద ఫ్యాను పెట్టడం, సన్నని జాలీ వేయడం, ఒంటికి దుప్పటి కప్పడం, పేడకుప్పను దూరంగా జరపడం అన్నవి పరీక్ష కాగితం లేకుండానే మొదలుపెట్టవచ్చు. వానాకాలంలో రెండు మూడు వారాలు ఇలా చేసి దురద తగ్గితే జవాబు దొరికినట్టే.

మందులు, నాడి చికిత్స, ఆపరేషన్

నాడి వల్లే విదిలింపు అని తేలాక సైప్రోహెప్టడిన్, కార్బమజెపిన్ వంటి మందులను వైద్యులు ప్రయత్నిస్తారు. కొన్ని గుర్రాలు మెరుగవుతాయి, కొన్ని మందకొడిగా తయారవుతాయి, కొన్నిటికి మొదట పనిచేసి తరువాత పట్టు సడలుతుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పెద్ద మోతాదులో విడతలుగా ఇచ్చిన 2013 నాటి పరీక్షలో, మందు లేని ఉత్తి మోతాదుకంటే మెరుగేమీ కనబడలేదు. కాబట్టి ‘ఒకసారి స్టెరాయిడ్ వేసి చూద్దాం’ అన్న సలహాను తల విదిలింపుకు నేను ఒప్పుకోను. డెక్కల వాపు ప్రమాదం అటుంచితే, అది తరువాత చేయాల్సిన చర్మ పరీక్షను వారాల తరబడి వెనక్కి నెడుతుంది. మలక్‌పేటలోనో మరోచోటనో పందేలకు దిగే గుర్రమైతే ఏ మందైనా ఒంట్లో ఎన్నాళ్లుంటుందో క్లబ్ వైద్యునితో ముందే మాట్లాడాలి.

చర్మం కింద సూది పెట్టి నాడికి స్వల్ప విద్యుత్తు అందించే చికిత్స బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. 168 గుర్రాల సమాచారంతో 2020లో వెలువడిన నివేదికలో సగానికి కొంచెం పైగా గుర్రాలకు ఉపశమనం కలిగింది, అది కొన్నిటికి కొద్ది రోజులు, కొన్నిటికి ఏళ్లు నిలిచింది. నాడిని ప్లాటినం తీగచుట్టలతో నొక్కిపెట్టే ఆపరేషన్ కూడా సుమారు సగం గుర్రాలకే పనిచేస్తుంది, పైగా ఆ తరువాత చాలా గుర్రాలు మూతిని గాయపడేంతగా రుద్దుకుంటాయి. ఈ రెండింటిలో విద్యుత్ చికిత్సే ఎంచదగినది. ఆపరేషన్ మరే దారీ లేని గుర్రం కోసం ఉంచుకోవలసినది.

ఎవరికి ఏది

రైడింగ్ స్కూల్లో పిల్లలను మోసే గుర్రం విదిలించడం మొదలుపెడితే పరీక్షల ఆలోచనకు ముందే పిల్లలను దించేయాలి, ఎందుకంటే ఉన్నట్టుండి పైకి లేచే తల రౌతు ముఖానికి తగులుతుంది, ముందుకాలు మూతికి వెళితే గుర్రం పడిపోతుంది. ఆ తరువాత వల, ముసుగు, నోటి పరీక్ష. పందెం గుర్రం దగ్గుతూ వెనకబడుతుంటే ఎండోస్కోపు, ఊపిరితిత్తుల కడుగుడు ముందు. పెళ్లి ఊరేగింపులకు తిరిగే మార్వాడీ గుర్రాలకు బాజాల శబ్దం, లైట్లు, ముఖం మీద వేలాడే జరీ కుచ్చులు, ముళ్ల కళ్లెం అన్నీ తలను ఎగరేయించగలవు. వాటి యజమాని ఒక్క పైసా ఖర్చుపెట్టకముందు కుచ్చులు తీసి, మెత్తని కళ్లెం వేసి, నాలుగు రోజులు ఖాళీ మైదానంలో తిప్పి చూడాలి.

కొత్తగా గుర్రాన్ని కొనేవారికి ఒక మాట. తల విదిలింపు కొన్ని నెలలు పూర్తిగా మాయమై మళ్లీ రాగలదు, అలా తగ్గిన కాలంలో నాడి కూడా మామూలుగానే స్పందిస్తుంది కాబట్టి ఆ రోజుల్లో ఏ పరీక్షకూ అది చిక్కదు. కాబట్టి గుర్రం వేర్వేరు నెలల్లో, ఎండలో, పనిలో ఉండగా తీసిన పాత వీడియోలు అడగండి. లాయంలో ముక్కు వలగానీ ముదురు ముసుగుగానీ వేలాడుతుంటే అది ఏ గుర్రానిదో కనుక్కోండి. కొన్న తరువాత ఏడాది లోపు విదిలింపు బయటపడితే ఏం చేయాలో అమ్మేవారితో కాగితం మీద రాయించుకోండి.